భోజనం, పడవ, ఉయ్యాల అన్నీ కలిపి

దేశంలోని ప్రతి గృహస్థూ ఏడాదికొక్కసారైనా భార్యాబిడ్డల్ని వెంటబెట్టుకుని ‘అన్నీ కలిపిన’ హాలిడే హోముకు పోయి తీరాలని పార్లమెంటు వెంటనే ఒక చట్టం చెయ్యాలి! పోకుండా ఇంట్లో కూర్చుని పేపరు చదువుకునేవాణ్ణి పట్టుకుని ఒక రాత్రి పోలీసు స్టేషన్లో ఉంచాలి.

నవ్వకండి. నేను సీరియస్‌గానే అంటున్నాను. ఆదోనిలో హైస్కూలు పిల్లలకు సోషల్ చెప్పుకుని బతికే సేతుమాధవరావును నేను. పానిపట్టు యుద్ధాలు చెప్పేటప్పుడు తొమ్మిదో తరగతి మొత్తం నవ్వినా నేను నవ్వను. అలాంటివాణ్ణి విహారం గురించి నవ్వులాటగా మాట్లాడతానా?

అసలు ‘అన్నీ కలిపి’ అంటే ఏమిటో తెలుసా మీకు? పొద్దున కాఫీ, టిఫిను, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం మళ్ళీ టిఫిను, రాత్రి మళ్ళీ భోజనం, మధ్యలో పడవ షికారు, పిల్లలకు జారుడుబల్ల, పెద్దలకు ఉయ్యాల, చీకటిపడితే రంగు దీపాల ఫౌంటెను. వీటన్నిటికీ ఒకేసారి డబ్బు కట్టేస్తే ఇక మీకు ఆలోచించే పని ఉండదు. ఎప్పుడు తినాలో వాళ్ళే గంట కొడతారు. ఎప్పుడు ఆనందించాలో వాళ్ళే బోర్డు మీద రాస్తారు. మనిషిని సొంత బుర్ర బారి నుంచి కాపాడే ఇంతటి ఏర్పాటు మన పూర్వులు ఎందుకు కనిపెట్టలేదో నాకర్థం కాదు.

ఈ భాగ్యం గురించి మొదట మా చెవిన వేసింది ఎమ్మిగనూరులో ఉండే మా ఆవిడ అన్న వెంకోబారావు. ఆయన పోయిన వేసవిలో హోస్పేట డ్యాము దగ్గర ‘ప్రశాంత్ హాలిడే హోం’ అనే చోటికి భార్యతో పోయి వచ్చాడు. వచ్చినప్పటి నుంచి ఆయన నడకే మారిపోయింది. మా ఇంటికి వచ్చి కూర్చుని, మంచినీళ్ళు తానే ముంచుకోవాల్సి వస్తే ఎంతో బాధగా చెంబు వైపు చూసేవాడు.

“బావా, ఆడ ఏమీ చేసే పనే లేదు. చెయ్యి కడుక్కుంటే తుడుసుకునే గుడ్డ గూడా వాళ్ళే తెచ్చిస్తారు. నేనైతే ఆ మూడు దినాలూ నా చెప్పులు యాడున్నాయో కూడా సూడలేదు” అన్నాడు.

ఆ మాట మా ఆవిడ గిరిజ వంటింటి గుమ్మంలో నిలబడి విన్నది. చేతిలో అట్లకాడ ఉంది. ఆమె మా ఇంట అడుగుపెట్టినప్పటి నుంచి సెలవు అనే పదం నా నోట వినడమే తప్ప తాను వాడి ఎరగదు. ఆ రోజు వాడింది.

“దసరా సెలవుల్లో మనమూ పోదాం. నాకు సముద్రాలొద్దు, కొండలొద్దు. యాడికైనా సరే. ఆడ మాత్రం నేను పొయ్యి ముట్టించను. వేడన్నం ఎవరన్నా వడ్డిస్తే కూర్చోని తినాల. అంతే.”

ఇంత చిన్న కోరిక! నేను అప్పటికప్పుడు మాట ఇచ్చేశాను. ఆడవాళ్ళ కోరికలు తీర్చడంలో నేను మొదటి నుంచీ ఉదారుణ్ణి, ఖర్చు తక్కువైతే మరీను.

అయితే చోటు ఎంచుకోవడం ఆషామాషీ వ్యవహారం కాదు. వెంకోబారావు చెప్పాడని ఎగేసుకుని పోతామా? మిగతా చోట్లను కూడా పరిశీలించి, తూకం వేసి, ఒక నిర్ణయానికి రావాలి. సోషల్ మాస్టర్ని కదా!

మొదట మంత్రాలయం అనుకున్నాను. కానీ మా నాయన అక్కడ పూజాపనుల్లో ఉండి కాలం చేసినవారు. ఆ ఊళ్ళో అడుగుపెడితే ప్రతి ఇంటివాళ్ళూ చుట్టాలే. ‘రామ్మా గిరిజా, కాస్త ఈ పిండి కలుపు’ అని పిలిచేవాళ్ళే. కొట్టేశాను. తర్వాత కౌతాళం. మా చిన్నాయన గారిల్లు. కాలువ గాలి, వరి చేలు, కన్నడం తెలుగు కలగలిపిన ఆప్యాయత. కానీ అక్కడ ఇంటి కోడలు కాళ్ళు కడుక్కుని నేరుగా వంటింట్లోకే పోవాలి, ముందుగదిలో కూర్చునే ఆచారం లేదు. కొట్టేశాను. ఉరుకుంద జాతరకు పోదామంటే బస్సు టాపు మీద కూడా చోటుండదు, పైగా అది శ్రావణంలో అయిపోయింది.

మా స్కూలు అటెండరు ఓబన్న ఇంకో సలహా ఇచ్చాడు. “సార్, ఉగాది పోయినంక కైరుప్పలకు రాండి. మా అక్కోళ్ళ ఊరే. రెండు పక్కలా నిలబడి పిడకలతో కొట్టుకుంటారు సూడు, పిల్లోల్లు శానా సంతోషపడతారు!” అన్నాడు. కుటుంబమంతా కలిసి పాల్గొనదగిన కార్యక్రమమే. కాదనను. కానీ ఉగాది దాకా ఆగే ఓపిక గిరిజకు లేదు, పిడక తగిలితే తట్టుకునే ఓపిక నాకు లేదు.

కడకు ప్రశాంత్ హాలిడే హోమే మిగిలింది. సరే, ఎంపిక ముగిసిందనుకుంటున్నారా? ఇప్పుడే మొదలైంది!

లోకంలో ఇతరులు విహారానికి చోటు ఎంచుకునేటప్పుడు ఏమడుగుతారు? గదిలో ఫ్యానుందా, కిటికీలోంచి నీళ్ళు కనిపిస్తాయా అని అడుగుతారు. వాళ్ళు పాపం అమాయకులు. మా ఇంట్లో మా అమ్మ సరస్వతీబాయి ఉంది. మడి కట్టుకుంటే నీడ కూడా దూరంగా పడాలనే మనిషి. కాబట్టి మా ప్రశ్నలు వేరు. వంటాయన ఏ శాఖ? నీళ్ళు బావివా, కుళాయివా? మడిబట్టలు ఎవరికీ తగలకుండా ఆరేసుకునేందుకు దండెం ఎంత ఎత్తున ఉంది? బట్ట ఎత్తి వేసే కర్ర వాళ్ళే ఇస్తారా, మేమే తెచ్చుకోవాలా? కూరల్లో ఉల్లిగడ్డ పడుతుందా? వెల్లుల్లి వాసన ఏ గది దాకా వస్తుంది?

ఇవన్నీ అడగడానికి పోస్టాఫీసుకు పోయి హోస్పేటకు ట్రంక్ కాల్ బుక్ చేశాను. నాకు తోడుగా మా డ్రిల్లు మాస్టరు యేసేపు వచ్చాడు. లైను కలిసేసరికి మధ్యాహ్నమైంది. అవతల మేనేజరు బసప్ప అనే ఆయన. లైన్లో గరగర తప్ప ఏమీ వినిపించక ఇద్దరం గొంతు చించుకున్నాం.

“వంట చేసేది ఎవరండీ?” అని అరిచాను. “ఎల్లా ఇదే స్వామీ!” అన్నాడాయన. అంటే అన్నీ ఉన్నాయని. “ఉల్లిగడ్డ వేస్తారా?” అన్నాను. “అదూ ఇదే స్వామీ!” అన్నాడు, అదీ ఉందని. “వెయ్యకుండా చేస్తారా?” అన్నాను. “అదూ ఇదే!” అన్నాడు. “దండెం ఎత్తుగా ఉందా?” అంటే ఒక్క క్షణం ఆగి, “ఎత్తరదల్లే ఇదే స్వామీ, బన్ని బన్ని!” అన్నాడు. దండెం ఎత్తునే ఉంది, రండి రండి అని.

పోస్టాఫీసులో స్టాంపులు కొనడానికి వచ్చినవాళ్ళంతా నా చుట్టూ మూగారు. మా ఇంటి మడి విషయాలు ఆ పూట ఆదోని మార్కెట్టు దాకా పాకాయి. యేసేపు మాత్రం తల పట్టుకున్నాడు. “సార్, మీరు పోతాండేది తినేదానికా, తనిఖీ చేసేదానికా?” అన్నాడు.

తినే స్వేచ్ఛ ఉన్నవాళ్ళకు తనిఖీ విలువ ఏం తెలుస్తుంది? నేను జాలిపడి ఊరుకున్నాను. స్కూలు క్యాలెండరు తీసి దసరా సెలవులు చూసి, విజయదశమి మర్నాడు బయలుదేరేట్టు డబ్బు పంపేశాను. గిరిజకు మాట ఇచ్చినట్టే అన్నీ కుదిరాయి. ఇంతటి పరిశీలనతో చోటు ఎంచుకున్న కుటుంబ పెద్ద ఆదోని పట్టణంలో ఇంకొకడు ఉంటే నాకు చూపించండి!

విజయదశమి సాయంత్రం జమ్మి ఆకు చేతికిస్తూ మా అమ్మ అన్నది: “ఒరే సేతూ, రేపు ఏకాదశి గదరా. గుర్తుండాదా?”

గుర్తు లేదు. దశమి మర్నాడు ఏకాదశి వస్తుందని మా వీధిలో చంటిపిల్లకు కూడా తెలుసు. మాధ్వుల ఇంట పుట్టి, మంత్రాలయంలో పెరిగి, ఏకాదశి నాడు పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టని వంశం నుంచి వచ్చి, రోజుకు నాలుగుసార్లు తిండి పెట్టే చోటికి సరిగ్గా ఏకాదశి నాడు బయలుదేరుతున్న మొదటి మనిషిని నేనే.

“ముందే చెప్పరాదామ్మా?” అన్నాను.

“నువ్వడిగినావా? స్కూలు క్యాలెండరు చూసి పెట్టుకుంటివి. పంచాంగం చూసేది నీకు నామోషీ అనుకుంటి” అంది.

అంతటితో అయిపోలేదు. నాలుగు నెలల చాతుర్మాస్య వ్రతంలో మా ఇళ్ళల్లో నెలకొకటి మానేస్తాం. ఒక నెల కూరగాయలు, ఒక నెల పెరుగు, ఒక నెల పాలు, చివరి నెల పప్పులు. ఆ పప్పులు మానే నెల సరిగ్గా ఆ ఏకాదశితోనే మొదలవుతుంది! ఇక నాలుగు వారాల పాటు కందిపప్పు లేదు, మినప్పప్పు లేదు, శనగపప్పు లేదు, పెసరపప్పు లేదు. హాలిడే హోము పాంప్లెట్ తీసి చూశాను. ఇడ్లీ, వడ, మసాలా దోసె, సాంబారు, పెసరపప్పు కోసంబరి, హోళిగలనే బొబ్బట్లు. పప్పు తగలని పదార్థం ఆ కాగితం మీద ఒక్కటే ఉంది, కాఫీ.

మీరైతే డీలా పడేవారు. నేను పడలేదు. విహారమంటే తిండేనా? తిండి లేని విహారం ఎంత తేలిక! పొట్ట బరువు లేదు, బాత్రూము తొందర లేదు, బస్సులో వాంతి భయం లేదు. ప్రయాణాలన్నీ ఏకాదశి నాడే చెయ్యాలని మన శాస్త్రాల్లో ఎందుకు రాయలేదో అని ఆ రాత్రి ఎంతోసేపు ఆలోచించాను. గిరిజ మాత్రం ఒక్కటే అడిగింది.

“ఎల్లుండి ద్వాదశి. పొద్దున పారణ ఎట్ల చేస్తారు? వాళ్ళ వంటిల్లు ఎనిమిది దాకా తెరవరంట గదా?”

ఏకాదశి ఉపవాసం మర్నాడు తెల్లవారుజామునే భోజనం చేసి విడవాలి, అదే పారణ. ఆలస్యమైతే ఉపవాస ఫలమంతా పోతుంది. “ఆ సంగతి నాకు వదిలెయ్” అన్నాను ఎంతో ధీమాగా. ఆమె నమ్మింది. నమ్మి నిద్రపోయింది.

నేను లేచి నా ఏర్పాటు చేశాను. ఇంట్లో పంపు స్టవ్వు, చిన్న సీసా కిరసనాయిలు, ఇత్తడి తపేలా, చారు గిన్నె, కల్వం, ఉప్పు కారం చింతపండు డబ్బాలు, బియ్యం, గిరిజ మడిచీర, అన్నీ ట్రంకుపెట్టెలో సర్దాను. వంట అక్కర్లేని చోటికి వంటిల్లు మోసుకుపోయే ఆలోచన సామాన్యులకు తట్టదు! మర్నాడు బళ్ళారిలో బస్సు మారేటప్పుడు ఆ పెట్టె ఎత్తిన కూలి, “ఏముంది స్వామీ దీనిలో, రోలా?” అని అడిగాడు. సగం సరిగ్గా చెప్పాడు.

హోస్పేట చేరేసరికి భోజనం వేళ. బసప్ప గుమ్మంలోనే దండం పెట్టి ఆకులు వేయించాడు. హోళిగల మీద నెయ్యి పోస్తున్నారు. మా పిల్లలిద్దరూ కూర్చున్నారు. మిగతా మేం ముగ్గురం గోడకానుకుని నిలబడి చూశాం. పక్క ఆకు దగ్గరి పెద్దమనిషి మా వైపు చూసి ముద్ద మింగలేక అవస్థపడ్డాడు. “ఏకె స్వామీ, ఊట బేడవా?” అని బసప్ప కంగారుపడ్డాడు. భోజనం వద్దని డబ్బు కట్టి వచ్చినవాళ్ళను ఆయన అప్పటిదాకా చూసి ఉండడు.

ఆ సాయంత్రం గిరిజ ఉయ్యాల్లో కూర్చుంది. డ్యాము గాలి వీస్తోంది. ఆమె చేతుల్లో ఏమీ లేదు. చేటా లేదు, చీపురూ లేదు, పిల్లల జడా లేదు. ఊరికే కూర్చున్న గిరిజను నేను అంతకుముందు చూసిన జ్ఞాపకం లేదు. చూడ్డానికి బాగానే ఉంది. అయినా బాధ్యత గల గృహస్థును కాబట్టి దగ్గరికి పోయి నా ఏర్పాటు బయటపెట్టాను.

“ఏం భయపడొద్దు. స్టవ్వు తెచ్చినాను, బియ్యం తెచ్చినాను, నీ మడిచీర కూడా తెచ్చినాను. రేపు నాలుగింటికి లేచి కాస్త అన్నం, చారు పడేస్తే అమ్మ మడికి మడీ, పారణకు పారణా.”

ఉయ్యాల ఆగింది. గిరిజ నా వైపు చూడలేదు. డ్యాము వైపు చూస్తూ, “తెచ్చినారా?” అంది. ఆ ఒక్క మాటే. నాకు అది మెచ్చుకోలులా వినిపించింది. ఇప్పుడు తలుచుకుంటే అంత మెచ్చుకోలులా లేదు.

పక్కనే జపమాల తిప్పుకుంటున్న మా అమ్మ మాల పక్కన పెట్టింది. జపం మధ్యలో ఆమె మాల పక్కన పెట్టిందంటే పిడుగన్నా పడి ఉండాలి, నేనన్నా ఏదో అని ఉండాలి.

“ఒరే, నా మడిని నడుమ పెట్టద్దు నువ్వు. ప్రయాణంలో నాకు అటుకులు, పాలు, అరటిపండు. మీ నాయనతో కాశీకి పోయినప్పుడూ అవే తిన్యా. నేను గిరిజను పొయ్యి ముట్టించమన్యానా? పారణంటావా, ఇంత తులసి తీర్థం పుచ్చుకున్నా పారణే, మంచినీళ్ళు తాగినా పారణే. పొద్దున తీర్థం పుచ్చుకొని, ఎనిమిదింటికి మీరు వాళ్ళు పెట్టింది తినండి. నీకు కావాల్సింది పారణ గాదురా, చారు!”

శాస్త్రం తెలిసిన తల్లి ఇంట్లో ఉండటం కుమారుడికి ఎంత నష్టమో అప్పుడు తెలిసింది. “మరి పప్పు మానే వ్రతం?” అని నా ఆఖరి బాణం వేశాను. అమ్మ లేచి, చీర సర్దుకుని, నేరుగా హాలిడే హోము వంటింటి వాకిట్లోకి పోయి దూరంగా నిలబడి వంట భట్టరుతో కన్నడంలో మాట్లాడి వచ్చింది. నేను పోస్టాఫీసులో మధ్యాహ్నం దాకా అరిచి తెలుసుకోలేనిది ఆమె చెంబెడు నీళ్ళు కాగేలోపు తేల్చేసింది.

“ఆయనా మన వ్రతమేరా. తన కోసం పప్పు లేకుండా వండుకుంటాడంట. మీకూ ఇంత ఎక్కువ పెడతానన్యాడు. గిరిజా, నువ్వు కూర్చో తల్లీ” అంది. గిరిజ లేవనే లేదు. కాలితో నేలను ఒక్క తోపు తోసింది. ఉయ్యాల మళ్ళీ కదిలింది.

మర్నాడు మధ్యాహ్నం ఆమె ఆకు ముందు కూర్చుంది. భట్టరు వేడన్నం వడ్డించి నెయ్యి వేశాడు. ఆ నెయ్యి కరగడాన్ని ఆమె చూస్తూ కూర్చుంది, కలుపుకోకుండా. మా ఇంట్లో ఆమె విస్తరి దగ్గరికి వచ్చేసరికి అన్నం చల్లారి, నెయ్యి పేరుకుపోయి ఉంటుంది కాబోలు. ఆ సంగతి నేనెప్పుడూ ఆలోచించలేదు. ఆలోచిస్తే మారు వడ్డించమని ఎలా అడుగుతాను? భట్టరు “ఇన్ను స్వల్ప?” అని, ఇంకాస్త వెయ్యనా అని అడిగినప్పుడల్లా ఆమె తలూపింది. చారు మళ్ళీ మళ్ళీ పోయించుకుంది. మా పెద్దమ్మాయి, “అమ్మా, నువ్వింత తింటావా!” అని ఆశ్చర్యపోయింది.

నేనూ ఆ చారే పోసుకున్నాను. నోట్లో పెట్టుకుని ఆగిపోయాను. చారులో బెల్లం!

పాఠకులారా, మీరే చెప్పండి. కర్నూలు జిల్లా పడమటి కొసన, ఎండు మిరపకాయల మధ్య పెరిగిన నాలుక ఇది. దీని మీద బెల్లం చారు పోయవచ్చా? కూరలో కొబ్బరి! పచ్చడిలో తీపి! ఆవకాయ ఏదంటే, ఏదో ఎర్రరంగు పూసిన మామిడి ముక్క తెచ్చి పెట్టారు. భోజనశాలలో అందరూ లొట్టలేసుకుంటూ తింటున్నారు. గిరిజ అయితే వేళ్ళు నాకడం కూడా వదల్లేదు. ‘అన్నీ కలిపి’ అంటే నా నాలుకను కూడా కలుపుతారని పాంప్లెట్లో ఎక్కడా రాయలేదు.

రెండో పూటా అదే. ఇక ఉండబట్టలేదు. మర్నాడు సాయంత్రం గిరిజ ఉయ్యాల్లో ఉండగా, మిగతా అందరూ పడవ షికారుకు బయలుదేరుతుంటే తలనొప్పి అని చెప్పి గదిలోకి పోయి ట్రంకుపెట్టె తెరిచాను. ఎవరి సాయమూ అక్కర్లేదు! చారు పెట్టడమంటే ఏముంది? అగ్గిపుల్ల గీయడం, చింతపండు పిసకడం. ఇన్నాళ్ళుగా ఇంట్లో ఇంత సులువైన పనికి గిరిజ అంతంతసేపు ఎందుకు తీసుకుంటుందో అనుకుంటూ స్టవ్వుకు పంపు కొట్టాను. బర్నరు ముందు వేడెక్కాలని, అది ఎక్కకముందే పంపు కొట్టకూడదని నాకెవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. మంట పైకప్పు దాకా లేచింది. కిటికీ తెర అంచు అంటుకుంది. నేను “గిరిజా!” అని ఒక్క కేక పెట్టాను.

వచ్చింది బసప్ప. చేతిలో నీళ్ళ బకెట్టుతో వచ్చాడు. నీళ్ళలో సగం తెర మీద, సగం నా మీద పోశాడు. వెనకే భట్టరు, తోటమాలి, పడవ దగ్గరికి పోబోతూ వెనక్కి తిరిగిన నాలుగు కుటుంబాలు. ఆ పూట పడవ ఖాళీగా ఉండిపోయింది. ఉన్న వినోదమంతా మా గది ముందే ఉంటే పడవెందుకు? కుటుంబ సమేతంగా చూడదగిన కార్యక్రమం అంటే ఇది కాదా?

నేను మొహమంతా మసితో, తడి పంచెతో వరండాలోకి వచ్చాను. గిరిజ ఉయ్యాల్లోనే ఉంది. కేక వినిపించలేదేమో అనుకున్నాను. వినిపించింది. పొగ కూడా కనిపించింది. అయినా లేవలేదు. నన్ను చూసి నవ్వడం మొదలుపెట్టింది. ఉయ్యాల గొలుసు పట్టుకుని, కొంగు నోటికడ్డం పెట్టుకుని, ఆపుకోలేక నవ్వింది. మా అమ్మ కూడా నవ్వింది. పిల్లలు సరేసరి. గిరిజకు అంత పొడుగు నవ్వు ఉందని నాకు తెలియదు. నాకు కోపం వచ్చింది, సిగ్గేసింది, లోపలెక్కడో సంతోషం కూడా వేసింది. మూడూ ఒకేసారి వస్తే ఏ మొహం పెట్టాలో తెలియక మొహం కడుక్కోవడానికి పోయాను.

చూశారా ఎన్ని లాభాలో! భార్యకు విశ్రాంతి, తల్లికి ఆనందం, పిల్లలకు వినోదం, హోస్పేట ప్రజలకు ఉచిత ప్రదర్శన. అందుకే చట్టం చెయ్యాలంటున్నాను.

ఈ ఏడాది మళ్ళీ పోవాలని వేసవి సెలవులకు ముందే మా ఇంట్లో మాటలు మొదలయ్యాయి. ఈసారి నన్ను పోస్టాఫీసుకు పంపలేదు. అమ్మ పంచాంగం తీసి వైశాఖంలో ఏ ఏకాదశీ తగలని దినాలు చూసిపెట్టింది. గిరిజ తానే బసప్పకు ఒక కార్డు రాసి పడేసింది. ఎమ్మిగనూరు నుంచి వెంకోబారావు భార్య రాధాబాయి కూడా వస్తానంది. ఆడవాళ్ళు ఎంపిక చేస్తే ఇంత త్వరగా అయిపోతుందా అని నాకు అనుమానం వేసింది కూడా. పనిభారం తగ్గింది కదా అని నేను నా చేతిసంచీలో రెండు చొక్కాలు, పంచెలు సర్దుకున్నాను. కారప్పొడి పొట్లం మాత్రం అడుగున దాచాను, ఎవరికీ తెలియకుండా.

నిన్న పొద్దున ఆదోని బస్టాండులో అందరం కలిశాం. ట్రంకుపెట్టె లేదు. గిరిజ చేతిలో ఒక్క చిన్న బ్యాగు. వెంకోబారావు కూడా సంచీతో నిల్చున్నాడు. ఆడవాళ్ళు, పిల్లలు బస్సెక్కి కూర్చున్నారు. నేను మెట్టు మీద కాలు పెట్టాను.

“నువ్వు యాడికిరా?” అంది మా అమ్మ కిటికీలోంచి.

“అదేమిటమ్మా, హోస్పేటకు!”

“మాకే టికెట్లు తీసినాం. మీరిద్దరూ ఇంట్లో ఉండండి.”

వెంకోబారావు నా వైపు చూశాడు. నేను ఆయన వైపు చూశాను. కండక్టరు మా ఇద్దరి వైపూ చూసి తలుపు మీద చెయ్యి వేశాడు. నేను కిటికీ దగ్గరికి పరుగెత్తాను. అన్నేళ్ళ సంసారంలో ఎప్పుడూ ఎవరినీ బతిమాలనివాణ్ణి, నలుగురూ వింటుండగా బతిమాలాను. నేనేం అడగనన్నాను. బెల్లం చారే తాగుతానన్నాను. నా మంచినీళ్ళు నేనే ముంచుకుంటానన్నాను.

మా అమ్మ జాలిగానే చూసింది. చెయ్యి బయటికి చాపి నా తల నిమిరింది కూడా.

“అది కాదురా నాయనా. నువ్వొస్తే ఆడ గూడా మళ్ళా ఇల్లే అయిపోతాది గదా.”

బస్సు కదిలింది. గిరిజ అమ్మ పక్క సీట్లోనే కూర్చుని ఉంది. “అట్లనకండి అత్తయ్యా” అంటుందని బస్సు పక్కనే నడుస్తూ ఆమె మొహం వంకే చూశాను. బస్సు బళ్ళారి రోడ్డు ఎక్కేదాకా చూశాను. ఆమె అనలేదు.